ఫ్రెంచ్ పదాన్ని ఎక్కడ విరవాలి? పుస్తకంలో ఒకలా, ఆడియోలో ఇంకోలా ఉంది

కెనడా_కల:
అందరికీ నమస్తే. టీఈఎఫ్ కెనడా (కెనడా వలస కోసం రాసే ఫ్రెంచ్ పరీక్ష) కోసం ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ 7, అంటే కెనడా వాళ్ళ ఫ్రెంచ్ కొలమానంలో ఏడో మెట్టు, రావాలి కాబట్టి ఏదో ఒకటి వదిలేసే వీలు లేదు. చదవడం, రాయడం ఎలాగోలా నెట్టుకొస్తున్నా గానీ వినడం దగ్గరికొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. "ఇప్పుడు" అనే మాటని పుస్తకంలో మేఁ-త-నాఁ అని మూడు ముక్కలు చేశారు, ఆడియోలో మేఁత్-నాఁ అని రెండే వినిపిస్తున్నాయి. శనివారం పుస్తకంలో సా-మ-ది, ఆడియోలో సామ్-ది. "అందమైన" అనే బెల్ పుస్తకంలో రెండు ముక్కలు, నోట్లో ఒకటే. శుక్రవారం మాత్రం రెండు చోట్లా మూడే, వాఁ-ద్ర-ది. ఏ లెక్క నమ్మాలి? ఎవరైనా కాస్త నిదానంగా చెప్పండి. దయచేసి తెలుగు లిపిలోనే రాయండి, ఆ ధ్వని గుర్తులు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి.

పిల్లిమొగ్గ:
విరవడం మానేసి వినండి. పిల్లలేమైనా రూల్స్ బట్టీపట్టి మాట్లాడతారా?

ఇంటర్_98:
నేను ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నా, 98 వచ్చాయి. ఇప్పుడు బోఁజూర్ తర్వాత నోరు పెగలదు. ఫాలో అవుతున్నా.

లియాన్_లీల:
@పిల్లిమొగ్గ పిల్లలు ఏళ్ళ తరబడి పొద్దస్తమానం వింటారు బాబూ, ఆవిడకి పరీక్ష తేదీ ఉంటుంది.

కల గారూ, మీరు చూస్తున్నవి రెండు వేరువేరు లెక్కలు. ఒకటి రాతలో విరుపు: లైను చివర పదం పట్టకపోతే ఎక్కడ తుంచి గీత పెట్టాలనేది. రెండోది నోట్లో విరుపు. ఇక్కడ ఫ్రాన్స్‌లో బళ్ళో పిల్లలకి రెండూ నేర్పుతారు. మన పుస్తకాల్లో మాత్రం ఏది ఏదో చెప్పకుండా కలిపేస్తారు, తలనొప్పంతా అక్కడే. నేను "అ" గుణింతం పెట్టిన చోట అది పైన గీత లేని, బలహీనంగా పలికే ఈ అనే ఫ్రెంచ్ అక్షరం అనుకోండి, "ఆ" గుణింతం పెడితే ఏ అక్షరం. స్పెల్లింగ్ కావాల్సిన చోట అక్షరాల పేర్లు ఇంగ్లీషులో పిలిచినట్టే పిలుస్తాను.

రాతలో విరుపు సులువు. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది: ఆ-మి, ఆ-ని-మాల్. రెండుంటే మధ్యకి విరుగుతుంది: పార్-తీర్, మెర్-సి. అయితే ఆ రెండోది ఎల్ గానీ ఆర్ గానీ అయ్యి, దాని ముందు పి, బి, టి, డి, సి, జి, ఎఫ్, వి లాంటిది ఉంటే ఆ జంటని విడదీయరు: తా-బ్లో, మె-త్ర్. సి-హెచ్, జి-ఎన్ లాంటివి రెండక్షరాలైనా ధ్వని ఒక్కటే కాబట్టి వాటినీ ముట్టుకోరు. ఒకే హల్లు రెండుసార్లు వస్తే, రెండు ఎల్‌లు రెండు ఎన్‌లు లాగా, రాతలో మధ్యకి విరుస్తారు, నోట్లో ఒక్కటే పలుకుతారు. మీ బెల్ సంగతి అదే, చివరి ఈ ని కూడా రాతలో లెక్కేస్తారు, నోట్లో లేదు.

ఇక శనివారానికీ శుక్రవారానికీ తేడా ఎందుకంటే, మధ్యలో ఉన్న ఆ బలహీనమైన ఈ ని తీసేస్తే హల్లులు ఎన్ని గుమిగూడతాయో చూడాలి. సామది లో తీసేస్తే మ్, ద్ రెండే పక్కపక్కన పడతాయి, నోరు తిరుగుతుంది, కాబట్టి సామ్-ది. వాఁద్రది లో తీసేస్తే ద్, ర్, ద్ మూడు వరసగా పడతాయి, కాబట్టి ఈ నిలబడుతుంది. బుధవారం మెర్-క్ర-ది కూడా అంతే. ఆ-పార్-త-మాఁ లో త ఎందుకు ఉందంటే అదే, తీస్తే ర్, త్, మ్. దీన్ని మూడు హల్లుల సూత్రం అంటారు, మొరిస్ గ్రామోఁ అనే భాషాశాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో చెప్పాడు. వేగంగా మాట్లాడేవాళ్ళు దీన్ని కూడా దాటేస్తారు గానీ పునాదిగా బాగా పనికొస్తుంది.

కెనడా_కల:
అబ్బ, మూడు హల్లుల సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదండీ. మరి నోట్లో విరుపే అసలైనదైతే రాతలో విరుపు వదిలేయొచ్చా? పరీక్షలో లైను చివర గీతలు పెట్టే పని లేదుగా.

ఛందోబద్ధుడు:
వదిలేయొద్దండీ, ఉచ్చారణలో సగం అక్కడే దాక్కుంది.

ఈ అనే అక్షరాన్ని తీసుకోండి. పైన గీత లేకపోతే దాన్ని కొన్నిచోట్ల అ లాగా, కొన్నిచోట్ల ఎ లాగా పలుకుతారు. ఎప్పుడు ఏదో ఎలా తెలుస్తుంది? రాతలో విరిచి చూడండి. ముక్క ఈ దగ్గరే ఆగిపోతే అ: ప-తి, ర-గార్. ముక్క చివర హల్లు వచ్చి తలుపు మూస్తే ఎ: మెర్-సి, ఎస్-ప్రి, బెల్. మనకిది కొత్తేం కాదు. మెర్సి అని తెలుగులో రాస్తే కాగితం మీద మె, ర్సి అని రెండక్షరాలు. గురులఘువులు వేయమంటే మాత్రం మె ని గురువంటాం, సంయుక్తాక్షరం ముందున్నది గురువు కాబట్టి. ఎందుకు గురువయింది? ఆ ర్ నోట్లో వెనక్కి వచ్చి మె ని అంటుకుంటుంది కాబట్టి. ఫ్రెంచ్ వాళ్ళు అదే పని రాతలో చూపిస్తున్నారు, అంతే.

ఇంకా ముచ్చటేంటంటే రవత్తు దగ్గర కూడా పోలిక కుదురుతుంది. అద్రుచు, విద్రుచు లాంటి తెలుగు మాటల్లో తేల్చి పలికితే ద్రు ముందున్నది లఘువే. ఫ్రెంచ్‌లో రహస్యం అనే మాట స-క్రె, సి-ఆర్ జంట విడిపోదు కాబట్టి మొదటి ముక్క తెరుచుకునే ఉంది, అక్కడ ఈ ని అ అనే పలుకుతారు. అదే జంట ముందు ఎ ధ్వని కావాలంటే గీత పెట్టి తీరాలి, మీటరు, జీబ్రా మాటల్లో ఆ గీత అందుకే.

కాబట్టి అక్షరం పైన గీతలు ఎక్కడ పెట్టాలో గుర్తుపెట్టుకోవడానికి జాబితాలు బట్టీ పట్టకండి. ముక్క మూసుకుంటే గీత అక్కర్లేదు. ఎక్జామేఁ, అదే పరీక్ష, దానికి మొదట్లో గీత ఎందుకు లేదు? ఎక్స్ రాతలో ఒకటైనా పలుకులో గ్జ్ అని రెండు హల్లుల పెట్టు.

లియాన్_లీల:
ఇది చాలా బాగా చెప్పారు. దీనికి నాకిష్టమైన ఉదాహరణ: దె-సేర్ అంటే భోజనం చివర తినే తీపి, దే-జేర్ అంటే ఎడారి. మొదటిదానిలో రెండు ఎస్‌లు, మధ్యకి విరుగుతాయి, ముక్క మూసుకుంది, ఈ మీద గీత లేదు, ఎస్ ధ్వని స గానే ఉంది. రెండోదానిలో ఒక్కటే ఎస్, రెండు అచ్చుల మధ్య ఇరుక్కుంది కాబట్టి జ అయింది (ఇంగ్లీషు జెడ్ ధ్వని), ముక్క తెరుచుకుంది, అందుకే గీత పెట్టారు. చేప ప్వా-సోఁ, విషం ప్వా-జోఁ కూడా ఇలాంటి జంటే. హోటల్లో ఆర్డరిచ్చేటప్పుడు ఎస్‌లు లెక్కపెట్టుకోండి 😄

పిల్లిమొగ్గ:
అయితే "కింద" అనే మాటకి రెండు ఎస్‌లు ఉన్నాయి, ద-సూ అంటారు, దె-సూ అనరు. సూత్రం గోవిందా?

లియాన్_లీల:
పట్టుకున్నావు. ద-సూ కింద, ద-స్యు పైన, ర-సాఁబ్లే పోలి ఉండటం. ఇవి ద, ర అనే ఉపసర్గలు ముందు చేరి పుట్టిన మాటలు, ఆ ఉపసర్గలో ఈ మారకుండా ఉండిపోయింది, ఎస్ మాత్రం జ గా మారకుండా రెండోది తెచ్చిపెట్టుకున్నారు. ఇలాంటివాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

పైగా కింద, పైన అనే ఆ రెంటికీ తేడా చివరి అచ్చు ఒక్కటే. సూ మన సూ నే. స్యు అని నేను రాసింది సరిపోదు, అది య కాదు. మన తెలుగు ఈ పలుకుతూ నాలుకని అక్కడే ఉంచి పెదాలు మాత్రం ఊ కి చుట్టినట్టు చుట్టండి. అద్దం ముందు చేయండి, పెదాలు కదిలినా నాలుక కదలకూడదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళి పై అంతస్తా కింది అంతస్తా అని అడిగితే ఈ ఒక్క అచ్చు కోసం రెండుసార్లు చెప్పాల్సొస్తుంది.

కెనడా_కల:
సరే, ఈ సంగతి అర్థమైంది. ఇంకో గొడవ ఉంది. ఎన్ ముక్క చివర ఉంటే ముక్కుతో పలకాలి అని ఒక చోట చదివాను. బోఁ సరే. మరి సంవత్సరం అనే మాటలో రెండు ఎన్‌లు, రాతలో విరిస్తే ఎన్ మొదటి ముక్క చివర ఉంది, పలుకుబడి మాత్రం ఆ-నే. ముక్కు ఎక్కడికి పోయింది?

ఛందోబద్ధుడు:
ఈ అనే అక్షరానికి రాతలో విరుపు చూడాలి, ఎన్‌కీ ఎమ్‌కీ నోట్లో విరుపు చూడాలి. జంట ఎన్‌లు నోట్లో ఒకటే కదా, ఆ ఒక్కటీ తర్వాతి అచ్చుతో పోయింది, ఆ-నే. మొదటి ముక్కలో ఎన్ మిగల్లేదు, ముక్కుకి పని లేదు. ఏఁ-కా-పాబ్ల్, చేతకానివాడు: తర్వాత హల్లు ఉంది కాబట్టి ఎన్ వెనక్కి ఒదిగి అచ్చులో కరిగింది. ఇ-న్యు-తిల్, పనికిరానిది: తర్వాత అచ్చు వచ్చి ఎన్‌ని లాక్కుపోయింది, ఇ మామూలు ఇ నే. ఏఁ-పో-సిబ్ల్, ఇ-మాజ్ కూడా అంతే.

ఆ ముక్కు అచ్చుల్ని రాసుకోవడానికి అరసున్నని వాడుకోండి, ఊరికే పడుంది పాపం. బోన్ అనో బోంగ్ అనో రాసుకుంటే నాలుక అంగిలికి తగులుతుంది. "ఆఁ, ఏంటీ?" అంటాం చూడండి, "ఊఁ" కొడతాం చూడండి, అక్కడ నాలుక ఎక్కడా తగలదు. అలా.

యానాంవాసి:
ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ ఆగలేకపోయాను. మాది యానాం. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన నుంచి భారత్ చేతికొచ్చింది, చట్టప్రకారం బదిలీ 1962లో. మా తాతగారు అంతకు ముందు ఫ్రెంచి బళ్ళో చదివారు. ఆయన పుదుచ్చేరిని పోఁ-ది-షే-రి అనేవారు, నాలుగు ముక్కలూ తూచినట్టు సమానంగా, చివరిది మాత్రం చిటికెడు సాగదీసి. మాహేని మా-ఏ అనేవారు, హెచ్ ఊసే లేదు.

ఆయన పదే పదే చెప్పేది ఒకటుంది: ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి పోకండ్రా, తెలుగు నుంచి పోండి. నాకు చాలా తర్వాత అర్థమైంది. ఫ్రెంచ్ టి, డి లు మన త, ద లే, పళ్ళకి తగిలేవి. మనం ఇంగ్లీషు అలవాటుతో ట, డ అంటాం. కె, పి పలికేటప్పుడు ఇంగ్లీషులో లాగా గాలి ఊదరు, మన క, ప చాలు. ఇంగ్లీషులో ఒక ముక్కని గట్టిగా నొక్కి మిగతావి మింగేస్తారు, ఇం-పా-టంట్ లాగా. ఫ్రెంచ్‌లో ఏఁ-పోర్-తాఁ, మూడూ సమానమే, చివరిది కాస్త పొడుగు. మన తెలుగుకి ఈ నడక దగ్గర. ర ఒక్కటే గొంతులోంచి తేవాలి, దానికి ఓపిక కావాలి.

కెనడా_కల:
తాతగారికి నా నమస్కారాలండీ. నిజంగానే నేను అన్నీ ట ట అనే పలుకుతున్నాను.

ఇంకో ప్రశ్న అడిగి ఊరుకుంటా. పదాలు విడివిడిగా వింటే ఇప్పుడు పట్టుకోగలను, వాక్యంలోకి వచ్చేసరికి పదం ఎక్కడ మొదలయ్యిందో ఎక్కడ ముగిసిందో తెలియట్లేదు.

లియాన్_లీల:
ఎందుకంటే వాక్యంలో పదాల హద్దులు చెరిగిపోతాయి. విరుపు వాక్యం మొత్తానికి కలిపి జరుగుతుంది. "అతను ఆమెతో లియాన్‌లో ఉంటున్నాడు" అనే వాక్యం తీసుకుందాం. పదాలు విడిగా: ఇల్, ఆబిత్, ఆవెక్, ఎల్, ఆ, ల్యోఁ. ఆరు పదాలు, మొదటి నాలుగూ హల్లుతో ముగుస్తున్నాయి. ఇప్పుడు ఫ్రెంచ్ వాళ్ళు అనేది వినండి:

ఇ-లా-బి-తా-వె-కె-లా-ల్యోఁ

ఎనిమిది ముక్కలు, ఒక్కటి కూడా హల్లుతో ఆగలేదు. ప్రతి పదం చివరి హల్లు లేచి పక్కింటి అచ్చు దగ్గర కూర్చుంది. మీరు "లాబి", "తావె" అనే పదాల కోసం నిఘంటువు వెతుకుతుంటారు, అక్కడ తప్పిపోతున్నారు. తెలుగు లిపి ఇక్కడ వరం: ఒక్కో ముక్క ఒక్కో అక్షరం. ఆడియో విని ముందు అర్థం గురించి ఆలోచించకుండా ఇలా అక్షరాలుగా రాసుకోండి, తర్వాత పదాలు వెతకండి. రోమన్ లిపిలో ఈ పని చేయడం చాలా కష్టం, నిశ్శబ్ద అక్షరాలు అడ్డం పడతాయి. ఉదాహరణకి పక్షులు: ఓ-ఐ-ఎస్-ఈ-ఏ-యు-ఎక్స్ అని ఏడక్షరాలు, పలికేది వా-జో.

ఛందోబద్ధుడు:
ఇవన్నీ సంధులే కదండీ. ల + ఆమి = లామి, మొదటి అచ్చు పోయి రెండోది నిలిచింది. మేన + అత్త = మేనత్త అని మనం చేస్తున్నదేమిటి? ప్రశ్న వేసేటప్పుడు ఆ + ఇల్ అని రెండు అచ్చులు గుద్దుకుంటే మధ్యలో త చేర్చి ఆ-తిల్ అంటారు, నిలువు + అద్దం నిలువుటద్దం అయినట్టు. పదో తరగతిలో సంధులంటే పారిపోయినవాళ్ళంతా ఇప్పుడు ఫీజు కట్టి మరీ ఫ్రెంచ్ సంధులు నేర్చుకుంటున్నారు.

ఇంటర్_98:
మా బ్యాచ్ మొత్తం సంధులు తప్పించుకోడానికే ఫ్రెంచ్ తీసుకుంది సార్.

పిల్లిమొగ్గ:
సరే, నేనూ ఒక పనికొచ్చే సంగతి చెప్తా. పారిస్ కుర్రాళ్ళకి విరుపులు ఎంత బాగా వచ్చో చూడాలంటే వెర్లాఁ చూడండి. పదాన్ని విరిచి ముక్కలు తారుమారు చేయడమే. మెర్-సి ని సి-మెర్ అంటారు. బి-జార్ ని జార్-బి. లూ-ష్ ని ష-లూ. వెర్లాఁ అనే పేరే లాఁ-వెర్ ని తిప్పేస్తే వచ్చింది, తలకిందులు అని. మనం చిన్నప్పుడు క భాష మాట్లాడేవాళ్ళం కదా, ప్రతి అక్షరం ముందూ క పెట్టి, పెద్దవాళ్ళకి అర్థం కాకుండా. విరుపు చెవిలో లేనిదే అది రాదు. కల గారూ, రోజూ నాలుగు మాటలు తిప్పి చూడండి, రూల్స్ కంటే త్వరగా వస్తుంది. పరీక్షలో మాత్రం వాడకండి.

మాంట్రియల్_మావయ్య:
అమ్మాయ్, ఇక్కడికి వచ్చే ఆలోచన ఉంది కాబట్టి ఒక మాట. ముక్కల లెక్క ఊరిని బట్టి కూడా మారుతుంది. "చిన్న అమ్మాయి" తీసుకో. పారిస్‌లో మామూలు మాటల్లో లాప్-తిత్-ఫీయ్, మూడు. దక్షిణాన మార్సెయ్, తులూజ్ వైపు వెళ్తే పాతకాలం మనిషి లా-ప-తి-త-ఫీ-య అని ఆరూ పలుకుతాడు, ఒక్క ఈ ని కూడా వదలడు. పాతకాలపు పద్యంలో, లైను చివర పడితే, ఐదు లెక్కేస్తారు, ఆఖరి ఈ ఒక్కటే లెక్కలోకి రాదు. వాళ్ళ ఆలెక్సాఁద్రేఁ అనే ఛందస్సులో పాదానికి 12 ముక్కలు కాబట్టి ఈ లెక్క తెలియకపోతే పద్యం ఒక పాదం కుంటుతుంది.

మా కెబెక్‌లో ఇంకో చిక్కు. ఇ ముందూ, ఇందాక లీల పెదాలు చుట్టమన్న ఆ అచ్చు ముందూ త ని త్స లాగా, ద ని ద్జ లాగా అంటారు. మంగళవారం మార్-ద్జి, నువ్వు అంటే త్స్యు. మొదట్లో వేరే భాషేమో అనిపిస్తుంది గానీ విరుపు మారదు, హల్లు రంగు మారుతుంది అంతే. ఇక "నాకు తెలీదు" అనేదానికి పుస్తకంలో జ-న-సె-పా అని నాలుగు ముక్కలుంటాయి, ఎక్కడికెళ్ళినా నీకు వినబడేది షె-పా.

కెనడా_కల:
మావయ్య గారూ, ఆ షెపా సీరియళ్ళలో విని ఎవరి పేరో అనుకునేదాన్ని!

నిన్నటి ఆడియో ఒకటి లీల గారు చెప్పినట్టు అక్షరాలుగా రాశాను. "పిల్లలు ఒంటిగంటకి వస్తారు" అనే వాక్యం. లే-జాఁ-ఫాఁ-ఆ-రివ్-ఆ-యు-నర్. సరిగ్గా ఉందా? ఇంకొకటి, అదే ఆడియోలో చిక్కుడుగింజల దగ్గర లే-జా-రి-కో అనకుండా లే-ఆ-రి-కో అన్నారు. హెచ్ ఎలాగూ పలకరు కదా, అచ్చుతో మొదలైనట్టేగా?

లియాన్_లీల:
మొదటిది దాదాపు సరే, రివ్ దగ్గర ఆగకండి. ఆ-రి-వా-యు-నర్, వ్ కూడా లేచి పోవాలి. చివరి అచ్చు ఏ అంటూ పెదాలు చుట్టేది, అర్ కాదు గానీ తెలుగులో దానికి అక్షరం లేదు. కొందరు "వస్తారు" అనే క్రియ చివరి టి ని కూడా పలికి ఆ-రివ్-తా అంటారు, కానీ అది వార్తలు చదివేవాళ్ళ పద్ధతి. క్రియల చివర వచ్చే ఆ ఈ-ఎన్-టి లో అరసున్న ఉండదని గమనించారా? ఇక్కడ పిల్లలకి ఒక వాక్యం చెప్తారు: లే పూల్ ద్యు కూవాఁ కూవ్, మఠంలో కోళ్ళు పొదుగుతున్నాయి అని. చివరి రెండు మాటలకీ స్పెల్లింగ్ ఒక్కటే. మొదటిది మఠం, రెండు ముక్కలు. రెండోది పొదుగుతున్నాయి, ఒకే ముక్క.

చిక్కుడుగింజల హెచ్ వేరే రకం. పలకరు గానీ గోడలా నిలబడుతుంది, ఇటు హల్లుని అటు పోనివ్వదు. హోటల్, గంట, మనిషి లాంటి మాటల్లో హెచ్ అసలు లేనట్టే, లోతెల్, లే-జోమ్. చిక్కుడుగింజలు, గుడ్లగూబ, సిగ్గు, హాలండ్ లాంటివాటిలో గోడ ఉంది. నిఘంటువులో అలాంటి మాట ముందు నక్షత్రం గుర్తో పైన చిన్న కామానో ఉంటుంది చూడండి.

యానాంవాసి:
వీరులు అనే మాట కూడా గోడ ఉన్నదే. లే-ఏ-రో. గోడ దాటి లే-జే-రో అన్నారంటే వీరులు కాస్తా సున్నాలైపోతారు. కానీ వీరవనితకి గోడ లేదు, లే-రో-ఇన్.

మాంట్రియల్_మావయ్య:
హెచ్ లేకుండా కూడా గోడ కట్టే మాటలు కొన్ని ఉన్నాయి. పదకొండు ఒకటి. నవంబరు పదకొండు చెప్పేటప్పుడు ల-ఓఁజ్ అనాలి, లోఁజ్ అనకూడదు. అవును అనే వీ కి, పెరుగు అనే యావూర్త్‌కి కూడా ఇదే పద్ధతి.